'మ్యావ్' అనే మాట ఎక్కడిది? పిల్లి అరుపుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లి అరుపును తెలుగులో ఏమనాలి, ఆ మాట మనదేనా, ఇంగ్లీషు నుంచి వచ్చిందా? తెలుగు పాఠాలు చెప్పే టీచర్లు, విదేశాల్లో పిల్లలకు తెలుగు నేర్పుతున్న అమ్మానాన్నలు, ఇంటికి కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు ఈ సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మాట, దాని అర్థం

అసలు 'మ్యావ్' ఒక మాటేనా, ఉత్త చప్పుడా?

మాటే. పిల్లి గొంతులోంచి వచ్చేది చప్పుడు. దాన్ని మన అక్షరాల్లో పట్టుకుని వాక్యంలో వాడుకోవడం మొదలుపెట్టాక అది మాట అయింది. "పిల్లి మ్యావ్‌మంది" అన్నప్పుడు అది క్రియలో భాగం. "తలుపు అవతల సన్నగా ఒక మ్యావ్ వినబడింది" అన్నప్పుడు నామవాచకం. పసిపిల్లల మాటల్లో దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. "అమ్మా, మ్యావ్ వచ్చింది" అంటే అక్కడ మ్యావ్ అంటే పిల్లే.

ధ్వన్యనుకరణ పదం అంటే ఏమిటి?

చెవికి వినబడిన ధ్వనిని నోటితో అనుకరించగా పుట్టిన మాట. గాజుల గలగల, నవ్వుల కిలకిల, కప్పల బెకబెక, పిల్లి మ్యావ్ అన్నీ ఈ కోవవే. మన దేశపు వ్యాకర్తలు వీటిని చాలా పాతకాలంలోనే గుర్తించారు. పాణిని తన సూత్రాల్లో వీటిని 'అవ్యక్తానుకరణం' అన్నాడు. అక్షరాలుగా స్పష్టంగా విడదీయలేని చప్పుడు అవ్యక్తం, దాన్ని అనుకరించేది అనుకరణం. ఇలాంటి మాటలు వాక్యంలో ఎలా మారతాయో కూడా ఆయన సూత్రాలు చెబుతాయి. 'పటపటా కరోతి' వంటి రూపాలు వాటి ప్రకారమే ఏర్పడతాయి. చప్పుడు మాటలను చిన్నచూపు చూడకుండా వ్యాకరణంలో చోటిచ్చిన ఆ చూపు నాకు చాలా ఇష్టం.

కుక్క మొరుగుతుంది, గుర్రం సకిలిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది. మరి పిల్లి ఏం చేస్తుంది?

ప్రాథమిక తరగతుల్లో జంతువుల అరుపుల పట్టిక నేర్పే ప్రతి టీచరుకీ ఈ ఇబ్బంది ఎదురవుతుంది. ఏనుగు ఘీంకరిస్తుంది, పులి గాండ్రిస్తుంది, సింహం గర్జిస్తుంది, ఎద్దు రంకె వేస్తుంది. పిల్లి దగ్గరకు వచ్చేసరికి అలాంటి సొంత క్రియ కనబడదు. 'అరుస్తుంది', 'కూస్తుంది' అనేవి చాలా జంతువులకు, పక్షులకు పనికొచ్చే మాటలు.

కానీ దీన్ని లోటు అనుకోనక్కర్లేదు. 'మ్యావ్‌మంటుంది' అనేది నిండైన తెలుగు క్రియ. పరీక్షలో పిల్లవాడు "పిల్లి మ్యావ్‌మంటుంది" అని రాస్తే పూర్తి మార్కులు వేయాల్సిందే. గంభీరంగా వినబడే 'ఘీంకారం' కూడా ఏనుగు చేసే 'ఘీం' చప్పుడుకు 'కారం' తగిలించి చేసిందే కదా.

'మ్యావ్‌మంది'లో ఆ 'మ' ఎక్కడి నుంచి వచ్చింది? 'మ్యావ్ అంది' అంటే తప్పా?

రెండూ సరైనవే, కానీ వాటి స్వభావం వేరు. "మ్యావ్ అంది" అన్నప్పుడు పిల్లి పలికినదాన్ని ఉన్నదున్నట్టు అప్పజెబుతున్నాం. "మ్యావ్‌మంది" అన్నప్పుడు చప్పుడుమాట, 'అను' క్రియ కలిసి ఒకే మాట అయిపోయాయి. అలా కలిసేటప్పుడు మధ్యలో మకారం వచ్చి చేరడం తెలుగు అలవాటు. ఘల్లుమంది, భగ్గుమంది, కస్సుమంది, గుప్పుమంది చూడండి.

ఈ పద్ధతి చప్పుళ్ల దగ్గర ఆగదు. గుండె ఝల్లుమంటుంది, ఒళ్లు జివ్వుమంటుంది, నాలుక చుర్రుమంటుంది, నగలు జిగేల్‌మంటాయి. మనసుకు, చర్మానికి, కంటికి తెలిసినవాటిని కూడా ధ్వనిగా మార్చి 'అను'కు జోడిస్తాం. ద్రావిడ భాషలను జీవితమంతా పరిశోధించిన అమెరికన్ పండితుడు ముర్రే ఎమెనో 1969లో ఈ మాటల మీద ఒక వ్యాసం ప్రచురించారు. ద్రావిడ భాషలు, ఉత్తరాది భాషలు, సంతాలీ లాంటి ముండా భాషలు వేర్వేరు కుటుంబాలకు చెందినా, ఇలాంటి మాటలను కట్టుకునే తీరులో భారతదేశమంతా ఒకే ప్రాంతంలా కనిపిస్తుందని ఆయన చూపించారు.

'మ్యావ్' అనాలా, 'మ్యావ్ మ్యావ్' అనాలా?

అరుపు ఒక్కటైతే మ్యావ్. ఆగకుండా సాగితే జంట. "మ్యావ్‌మంది" అంటే ఒకసారి అరిచి ఊరుకుంది. "మ్యావ్ మ్యావ్‌మంటోంది" అంటే మీరు లేచి గిన్నెలో ఏదో ఒకటి వేసేదాకా వదలదు.

## మాట పుట్టుక

'మ్యావ్' ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటా?

కాదు. హిందీలో పిల్లి 'మ్యాఊఁ' అంటుంది, బెంగాలీలో 'మిఊ' అంటుంది. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషల్లో కూడా 'మియా', 'మియావ్'లకు దగ్గరి రూపాలే ఉన్నాయి. ఇవన్నీ ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నవి కావు. పిల్లి ఉన్న ప్రతిచోటా జనం విని ఎవరి మాట వాళ్లు చేసుకున్నారు. ఇంగ్లీషువాళ్లు కూడా మొదటి నుంచీ 'మియావ్' అనలేదు. 14వ శతాబ్దంలో వాళ్ల రాతల్లో ఉన్నది 'మ్యూ'. 'మియావ్'కు దగ్గరి రూపాలు 17వ శతాబ్దంలో కనిపిస్తాయి. ఇంగ్లీషు ప్రభావం ఏదైనా ఉందంటే అది కార్టూన్ల ద్వారా, మొబైల్ స్టిక్కర్ల ద్వారా వచ్చిన 'మియావ్' అనే వర్ణక్రమంలో ఉంది. మాట మాత్రం మన చెవిదే.

సంస్కృతంలో దీనికి మూలం ఉందా?

ఆశ పెట్టే పోలిక ఒకటి ఉంది. వేదభాషలో 'మాయు' అంటే పశువు అరుపు. నక్కకు 'గోమాయువు' అనే పేరు అక్కడి నుంచే వచ్చింది, ఆవులా అరిచేది అని. ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం కప్పల మీద ఉంది. అందులో ఒక కప్పను 'గోమాయు' అని, ఇంకొకదాన్ని మేకలా అరిచే 'అజమాయు' అని వర్ణించారు. వానాకాలం రాత్రి చెరువుగట్టున నిలబడి విన్నవారికి ఆ వర్ణన ఎంత నిజమో తెలుస్తుంది.

అయితే ఆ 'మాయు' నుంచి మన మ్యావ్ పుట్టిందనడానికి ఆధారం లేదు. మకారంతో మొదలయ్యే జంతువుల అరుపులను వినే చెవి ఎవరికైనా ఒకటే. సంస్కృత నిఘంటువు అమరకోశం పిల్లికి ఐదు పేర్లు ఇచ్చింది: ఓతువు, బిడాలం, మార్జారం, వృషదంశకం, ఆఖుభుక్కు. 'మ్యావ్'ను గుర్తు చేసే పేరు వాటిలో ఒక్కటీ లేదు.

'పిల్లి' అనే పేరు దాని అరుపు నుంచే పుట్టిందా?

లేదు. మ్యావ్‌లో పకారమూ లేదు, లకారమూ లేదు. పిల్లి అనే మాటకు సంస్కృత 'బిడాలం'తోనూ, హిందీ 'బిల్లీ'తోనూ పోలిక స్పష్టంగా ఉంది. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న చర్చ పండితుల్లో ఉంది. చిత్రం ఏమిటంటే మన పెద్ద సోదర భాషలు ఈ పేరు వాడవు. తమిళంలో పూనై, మలయాళంలో పూచ్చ, కన్నడంలో బెక్కు.

మరి 'మార్జాలం'?

సంస్కృతంలో 'మృజ్' ధాతువుకు తుడవడం, శుభ్రం చేయడం అని అర్థం. చీపురును 'సమ్మార్జని' అనడం ఆ ధాతువు నుంచే. రోజులో చాలాసేపు ఒళ్లు నాక్కుంటూ, ముంగాలితో ముఖం తుడుచుకుంటూ గడిపే జంతువు కాబట్టి మార్జారం. అదే తెలుగులో మార్జాలం అయింది. ఇది పిల్లి చేసే పనిని బట్టి వచ్చిన పేరు.

అరుపే పేరుగా మారిన భాషలు ఉన్నాయా?

ఉన్నాయి, వాటిలో మొదట చెప్పాల్సింది ప్రాచీన ఈజిప్టు. అక్కడ మగ పిల్లిని 'మియు' అన్నారు, ఆడ పిల్లిని 'మియిత్' అన్నారు. ఈజిప్టు లిపిలో అచ్చులు రాయరు కాబట్టి ఉచ్చారణ కొంచెం అటూఇటూ ఉండొచ్చు. హల్లులను బట్టి చూస్తే మాట మాత్రం పిల్లి నోట్లోంచి నేరుగా వచ్చిందే. ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోటెప్ పెద్ద కొడుకు థుట్మోస్ తన పెంపుడు పిల్లి చనిపోతే సున్నపురాయితో శవపేటిక చేయించాడు. దాని మీద ఆ పిల్లి పేరు చెక్కి ఉంది: 'తా-మియు', అంటే ఆడపిల్లి. సుమారు 3,400 ఏళ్ల కిందట ఒక రాకుమారుడు పిల్లిని పిలిచిన పిలుపు, ఈనాడు మన ఇంట్లో రెండేళ్ల పాప "మ్యావ్ వచ్చింది" అనడం ఒకే దారిలో నడిచాయి.

చైనా భాషలో పిల్లిని 'మావో' అంటారు. థాయ్‌లో 'మేవ్', వియత్నాం భాషలో 'మేవో'.

భాష మొత్తం ఇలా చప్పుళ్లను అనుకరించడం వల్లే పుట్టిందా?

ఈ ప్రశ్న మన దగ్గర క్రీస్తుకు పూర్వమే చర్చకు వచ్చింది. యాస్కుడు, మాటల పుట్టుకను వివరించే తన నిరుక్తం అనే గ్రంథంలో, 'కాక' అనే పేరును అరుపుకు అనుకరణ అన్నాడు. పక్షుల పేర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని కూడా చెప్పాడు. వెంటనే దానికి ఎదురు అభిప్రాయాన్నీ రాశాడు. ఔపమన్యవుడు అనే పండితుడు పేర్లలో ధ్వన్యనుకరణ అనేదే లేదన్నాడట. ఆయన లెక్కలో కాకి అంటే తరిమికొట్టదగినది.

19వ శతాబ్దంలో ఋగ్వేదాన్ని పరిష్కరించి ప్రచురించిన మాక్స్ ముల్లర్ కూడా ఈ చర్చలోకి దిగాడు. భాష జంతువుల అరుపుల అనుకరణతో మొదలైందన్న వాదానికి 1861 ప్రసంగాల్లో 'బౌ-వౌ సిద్ధాంతం' అని ఎగతాళి పేరు పెట్టాడు. నా దృష్టిలో యాస్కుడి మాటే సమంజసం. కాకికి, కోకిలకు, మ్యావ్‌కు ఈ వివరణ చక్కగా సరిపోతుంది. 'నిన్న', 'అప్పు', 'నమ్మకం' లాంటి మాటలకు అనుకరించడానికి చప్పుడే లేదు.

తెలుగు మాటలు 'మ్య'తో మొదలుకావు కదా? అలాంటప్పుడు ఇది తెలుగు మాట ఎలా అవుతుంది?

మంచి సందేహం. అచ్చతెలుగు మాటల మొదట్లో సంయుక్తాక్షరం అరుదు. మ్రాను, క్రొత్త, ప్రొద్దు లాంటి వాటిలో రకారంతో ఉండేది, అదీ వాడుకలో మాను, కొత్త, పొద్దు అయిపోయింది. మాట హల్లుతో ముగియడం కూడా తెలుగుకు అలవాటు లేదు. ఆ లెక్కన మ్యావ్ రెండు చివర్లా నియమం తప్పింది.

కానీ చప్పుడు మాటలకు తెలుగు ఎప్పుడూ మినహాయింపు ఇచ్చింది. అచ్చతెలుగులో మహాప్రాణాలు ఉండవంటాం. అయినా భగ్గు, ఘల్లు, ఝల్లు, ఖంగు, ధన్ లేకుండా మనకు రోజు గడవదు. పసిబిడ్డ 'క్యార్'మంటుంది, అక్కడా మొదటి అక్షరం సంయుక్తమే. పైగా తెలుగు తన స్వభావాన్ని పూర్తిగా వదులుకోలేదు. చివర ఒక ఉకారం తగిలించి 'మ్యావు' అని అజంతం చేసుకుంది, 'కావ్'ను 'కావుకావు' చేసుకున్నట్టే.

## పిల్లి నోరు, మన చెవి

ఇన్ని భాషల్లో ఈ మాట 'మ'తోనే ఎందుకు మొదలవుతుంది?

పిల్లి అరుస్తున్నప్పుడు దాని నోటిని చూడండి. మూసిన నోటితో గొంతు మొదలవుతుంది, తర్వాత నోరు తెరుచుకుంటుంది, మళ్లీ మెల్లగా మూసుకుంటుంది. మనిషి పెదాలు మూసి గొంతు కదిలిస్తే వచ్చేది మకారం. నోరు విప్పుతూ పోతే యా. పెదాలు దగ్గరకు తెస్తూ ముగిస్తే ఉ లేదా వ్. మీరు అద్దం ముందు నిలబడి మెల్లగా మ్యావ్ అంటే, మీ నోరు కూడా పిల్లి నోరు కదిలినట్టే కదులుతుంది. మాటలోని ప్రతి అక్షరానికీ పిల్లి నోటిలో ఒక కదలిక ఉంది. భాషలు మారినా పిల్లి నోరు మారదు కాబట్టి ఈ మాట అంతగా మారలేదు.

మరి జపాన్, కొరియావాళ్లు వేరుగా ఎందుకు అంటారు?

జపాన్‌లో పిల్లి 'న్యా' అంటుంది, కొరియాలో 'యాఒంగ్' అంటుంది. విన్నది అదే అరుపు. పిల్లి గొంతులో మన మకారంలాంటి, నకారంలాంటి స్పష్టమైన హల్లు ఏదీ లేదు. ముక్కుతో కలిసిన ఒక మొదలు మాత్రమే ఉంది. దాన్ని తమ భాషలో దగ్గరగా ఉన్న అక్షరంలో ఇమిడ్చుకోవడం వినేవాడి పని. ఒకే భాషలో కూడా కాలంతో పాటు ఇది మారుతుంది. 11వ శతాబ్దపు ప్రసిద్ధ జపాన్ గద్యకావ్యంలో పిల్లి అరుపును 'నెఉ నెఉ' అని రాశారు.

కోడి కూత భాషకో రకంగా ఉంటుంది. పిల్లి అరుపుకే ఇంత పోలిక ఎందుకు?

మన కోడి కొక్కొరోకో అంటుంది, ఇంగ్లీషు కోడి కాకడూడుల్‌డూ అంటుంది. ఆ కూత పొడుగు, అందులో విరుపులు ఎక్కువ. పొడవైన ధ్వనిని విడగొట్టడంలో ఒక్కో భాష ఒక్కో దారి పడుతుంది. మ్యావ్ ఒకే ఊపులో ముగుస్తుంది, తేడాకు చోటు తక్కువ.

## ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు అడిగేవి

పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అని మాట్లాడుకుంటాయా?

పెద్ద పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. వాటి మధ్య వాసన, తోక, చెవులు, చూపులే ఎక్కువ మాట్లాడతాయి. పోట్లాటకు, జత కోసం వాడే అరుపులు వేరు. మ్యావ్ అసలు కూన తల్లిని పిలిచే పిలుపు. మనుషుల దగ్గర పెరిగిన పిల్లి పెద్దయ్యాక కూడా ఆ పిలుపును మన కోసం అట్టే పెట్టుకుంటుంది. తిండి పెట్టేది, తలుపు తీసేది మనమే కదా. 2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇంటి పిల్లుల మ్యావ్‌లను, వాటి పూర్వీకుల జాతి అయిన ఆఫ్రికా అడవి పిల్లుల మ్యావ్‌లతో పోల్చి జనానికి వినిపించారు. ఇంటి పిల్లుల అరుపే వినడానికి హాయిగా ఉందన్నారు విన్నవాళ్లు.

పిల్లికూన అంతగా అరుస్తూనే ఉంటుందేం?

పుట్టినప్పుడు దానికి కళ్లు తెరుచుకోవు, చెవులు సరిగా వినబడవు, ఒంటి వేడిని నిలుపుకునే శక్తి తక్కువ. తల్లికి దూరమైతే దాని చేతిలో ఉన్నది గొంతొక్కటే. శ్రీవైష్ణవంలో తెంకలై సంప్రదాయం చెప్పే 'మార్జాల కిశోర న్యాయం' ఇక్కడి నుంచే వచ్చింది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లికూనను తల్లే మెడ దగ్గర నోట కరచుకుని తీసుకెళుతుంది. భక్తుడు కూడా ఆ కూనలా భారమంతా దేవుడికే వదిలేయాలని ఆ న్యాయం. రామకృష్ణ పరమహంస కూడా ఈ పోలిక చెప్పేవారు, కూనకు మిఊ మిఊ అనడం తప్ప ఇంకేమీ తెలియదని. వీధిలో ఒంటరి కూన అరుపు వినబడితే వెంటనే ఎత్తుకొచ్చేయకండి. చోటు ప్రమాదకరంగా లేకపోతే కొంతసేపు దూరం నుంచి గమనించండి. తల్లి తిండి కోసం వెళ్లి ఉండొచ్చు.

పిల్లి ఎన్ని రకాలుగా అరుస్తుంది?

1944లో మిల్డ్రెడ్ మోల్క్ అనే అమెరికన్ పరిశోధకురాలు పిల్లి ధ్వనులను 16 రకాలుగా గుర్తించి, నోటి తీరును బట్టి మూడు గుంపులు చేసింది. నోరు మూసి చేసేవి: గురగుర, పలకరింపుగా చేసే చిన్న మూలుగు. నోరు తెరిచి మెల్లగా మూస్తూ చేసేవి: మ్యావ్‌లన్నీ. నోరు బిగబట్టి తెరిచే ఉంచి చేసేవి: బుస, కీచు, పోట్లాట అరుపులు. ఇప్పటికీ పరిశోధకులు ఈ విభజన దగ్గరే మొదలుపెడతారు. కిటికీ అవతల పిట్టను చూసి దవడ ఆడిస్తూ టకటకమనే చప్పుడుకు తెలుగులో స్థిరపడిన మాట లేదు. ఎవరైనా ఒక మంచి మాట వాడుకలోకి తెస్తే బాగుంటుంది.

మ్యావ్ వినగానే దానికి ఏం కావాలో చెప్పేయొచ్చా?

కొంతవరకే. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో వేర్వేరు సందర్భాల్లో రికార్డు చేసిన మ్యావ్‌లను వినిపిస్తే, జనం సందర్భాన్ని గుడ్డి ఊహ కంటే కొంచెం మెరుగ్గా మాత్రమే చెప్పగలిగారు. పిల్లులతో అనుభవం ఉన్నవాళ్లు ఇంకాస్త మెరుగు. మ్యావ్‌లకు నిఘంటువు లేదు. మీ పిల్లికీ మీకూ మధ్య కుదిరిన అలవాటే అర్థం. ఎప్పుడూ అరవని పిల్లి హఠాత్తుగా ఆపకుండా అరుస్తున్నా, మగపిల్లి మట్టిడబ్బాలో కూర్చుని మూత్రం రాక అరుస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. రెండోది ప్రాణం మీదికి వచ్చే విషయం.

మా పిల్లి 'గుర్రు'మంటోంది. కోపమా, సంతోషమా?

ఈ గందరగోళం తెలుగు మాటలోనే ఉంది. 'గుర్రు' మనకు చాలా పనులు చేస్తుంది. కుక్క పళ్లు చూపిస్తూ గుర్రుమంటుంది. నిద్రలో మనిషి గుర్రు పెడతాడు. "ఆయన నా మీద గుర్రుగా ఉన్నాడు" అంటే కోపంగా ఉన్నాడని. అందుకే పిల్లి ఒళ్లో పడుకుని హాయిగా చేసే చప్పుడును కూడా గుర్రు అనేసరికి, కొత్తవాళ్లు భయపడి దాన్ని కిందికి దించేస్తున్నారు.

నేను రెండింటినీ విడదీసి చెబుతాను. కోపంతో వచ్చేది గుర్రు, గొంతులో సన్నగా ఆగకుండా సాగేది గురగుర. "పిల్లి గురగురమంటోంది" అంటే ఎవరికీ అనుమానం రాదు. ఒంటిని బట్టి కూడా తెలుస్తుంది. గురగురలో కళ్లు సగం మూసి ఉంటాయి, ఒళ్లు మెత్తగా ఉంటుంది. కోపంలో చెవులు వెనక్కి వాలతాయి, తోక ఉబ్బుతుంది. ఒక్క జాగ్రత్త: నొప్పితో ఉన్న పిల్లి, కాన్పు పడుతున్న పిల్లి కూడా గురగురమంటాయి. తిండి మానేసి మూలన నక్కి గురగురమంటుంటే సంతోషం అనుకుని వదిలేయకండి.

ఆ గురగుర ఎలా వస్తుంది? ఊపిరి లోపలికి పోయేటప్పుడు కూడా ఆగదేం?

అది స్వరపేటికలో పుడుతుంది, ఊపిరి తీసేటప్పుడూ వదిలేటప్పుడూ సాగుతుంది. మెదడు ఆజ్ఞతో గొంతు కండరాలు వేగంగా బిగుస్తూ సడలడం వల్ల వస్తుందని చాలా కాలం అనుకున్నారు. 2023లో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు, జబ్బుతో పోయిన పిల్లుల స్వరపేటికలను వేరుచేసి వాటి గుండా గాలి పంపారు. కండరాల కదలిక లేకుండానే సెకనుకు 25 నుంచి 30 కంపనాల గురగుర వచ్చింది. స్వరతంతువుల్లో ఉన్న మెత్తటి కణజాలపు దిండ్లు వాటి కదలికను నెమ్మది చేస్తాయని వాళ్లు వివరించారు. అంత చిన్న ప్రాణి అంత మంద్రంగా ఎలా పలుకుతుందన్న ప్రశ్నకు ఇది మంచి జవాబు.

తెల్లవారుజామున మా పిల్లి గురగురమంటూనే నిద్ర లేపేస్తుంది. అది మామూలు గురగురలా లేదు. నా భ్రమా?

భ్రమ కాదు. ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెకూంబ్ బృందం 2009లో దీన్నే పరిశీలించింది. ఆకలిగా ఉన్నప్పుడు కొన్ని పిల్లులు మంద్రమైన గురగుర మధ్యలో పసిబిడ్డ ఏడుపును పోలిన ఎత్తు స్వరం కలుపుతాయి. పిల్లిని ఎప్పుడూ పెంచనివాళ్లకు కూడా అది తొందరపెట్టినట్టే వినబడింది.

పులి, సింహం కూడా మ్యావ్ అంటాయా?

పెద్ద పులి, సింహం గాండ్రిస్తాయి, గర్జిస్తాయి. ఇంటి పిల్లిలా ఆగకుండా గురగురమనవు. చిరుతపులి కూడా గాండ్రించే గుంపులోనిదే. చీతా మాత్రం వేరు. అది గర్జించలేదు, గురగురమంటుంది, మ్యావ్ లాంటి అరుపూ చేస్తుంది, పిట్టలా కిచకిచమంటుంది కూడా. చూడ్డానికి అంత గంభీరమైన జంతువు నోట ఆ కిచకిచ మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు.

రాత్రిపూట పిల్లి ఏడిస్తే అశుభమా?

అది ఏడుపు కాదు, జత కోసం పిలుపు, లేదా రెండు మగ పిల్లుల హద్దు తగాదా. సాగదీసిన ఆ గొంతు పసిబిడ్డ ఏడుపులా ఉంటుంది కాబట్టి నిద్రలో విన్నవారికి గుండె గుభేలుమంటుంది. ఆ భయం సహజమే, దాని వెనుక కీడేమీ లేదు. మీ వీధి పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ అరుపులు బాగా తగ్గుతాయి, అనాథ కూనలూ తగ్గుతాయి.

## వాడుక, రాత

నాటకాల్లో 'పిల్లికూతలు' అంటారే, అది పిల్లి అరుపేనా?

నాటకం నచ్చని ప్రేక్షకులు ఈలలతో పాటు చేసే గోల పేరది. ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. అక్కడ 17వ శతాబ్దంలో నాటకశాలల్లో అయిష్టం చూపడానికి ఊదే చిన్న పీకను 'క్యాట్‌కాల్' అన్నారు. వీధిలో ఆడవాళ్లను వేధించే ఈలలకు, కూతలకు ఆ మాట వాడటం తర్వాత వచ్చిన అర్థం.

'పిల్లి శాపాలకు ఉట్లు తెగవు' అనే సామెతకు అరుపుతో సంబంధం ఉందా?

ఉందనే నా అభిప్రాయం. పాలు, పెరుగు పిల్లికి అందకుండా ఉట్టి మీద పెట్టేవారు. కింద కూర్చుని పైకి చూస్తూ అది చేసే ఎడతెగని మ్యావ్ మ్యావ్‌నే సామెత శాపం అంది. ఎంత అరిచినా తాడు తెగదు, కుండ పడదు. చేతకానివాడు తిట్టే తిట్లకు ఎవరికీ ఏమీ కాదని చెప్పడానికి దీన్ని వాడతాం.

మ్యావ్, మ్యావు, మియావ్: ఏది సరైన స్పెల్లింగ్?

మూడూ చెల్లుతాయి. మామూలు రచనలో నేను 'మ్యావ్' రాస్తాను. పాటలో, పద్యంలో అజంతం కావాలంటే 'మ్యావు' హాయిగా ఉంటుంది. సాగదీసి పలికించాలంటే 'మియ్యావ్' కూడా రాసుకోవచ్చు. ఇంకో చిన్న సంగతి: చాలామంది ఇక్కడ పలికేది విడి యకారం కాదు, 'బ్యాంకు', 'క్యాలెండరు'లలో వినబడే అచ్చు. ఆ అచ్చు తెలుగు నోట ఉంది, దానికి అక్షరం లేదు. అందుకే యావత్తుతో సర్దుకుంటున్నాం.

'మ్యావ్‌మంది' అని టైప్ చేస్తే వకారం కింద మావత్తు పడిపోతోంది. ఎలా?

పొల్లు వకారం పక్కనే మకారం వస్తే కంప్యూటరు రెండింటినీ కలిపి ఒత్తు చేసేస్తుంది. రెండింటి మధ్య కంటికి కనబడని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే గుర్తు పెట్టాలి. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి మీట ఉంటుంది. దొరకకపోతే 'మ్యావుమంది' అని రాసేయండి, అది ఇంకా తెలుగుగా ఉంటుంది.

మేం అమెరికాలో ఉంటాం. మా పాప బడిలో నేర్చుకున్నట్టు 'మియావ్' అంటుంది. దిద్దాలా?

అరుపును దిద్దనక్కర్లేదు, వాక్యాన్ని అందించండి. పాప "పిల్లి మియావ్" అంటే మీరు "అవును, పిల్లి మ్యావ్‌మంది, కుక్క భౌమంది, గాజులు ఘల్లుమన్నాయి" అని కొనసాగించండి. ఇంట్లో వినబడే ప్రతి చప్పుడుకీ ఇలా ఒక మాట అల్లుకోవచ్చు. పాలు పొంగితే బుస్సుమన్నాయి, తలుపు పడితే ధన్‌మంది, పోపు వేస్తే చుయ్‌మంది. ఇవి పిల్లలకు ఆటలా వచ్చేస్తాయి, తెలుగు క్రియలు ఎలా కడతారో కూడా తెలియకుండానే పట్టుబడుతుంది.